పదకొండేళ్ల నైట్ డ్యూటీ, ఇప్పుడు బీపీ 152/98. రాత్రులే కారణమా?

మూడోషిఫ్ట్ | మంగళవారం, రాత్రి 3:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నా వయసు 41. ఒక ప్లాంటు కంట్రోల్ రూములో పని. పదకొండేళ్లుగా నెలలో సగానికి పైగా రాత్రులే, పది నుంచి ఆరు దాకా. మిగతా రోజులు పొద్దున, సాయంత్రం షిఫ్టులు మారుతూ ఉంటాయి. సిగరెట్ లేదు, మందు లేదు. బరువు మాత్రం ఈ పదకొండేళ్లలో 14 కిలోలు పెరిగాను.

పోయిన వారం ఏడాది చెకప్. డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్లాను. బీపీ 152/98 వచ్చింది. పట్టీ విప్పి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశారు, 150/96. ఫాస్టింగ్ షుగర్ 112. ఈసీజీ బాగానే ఉంది. అక్కడి డాక్టరు ఉప్పు తగ్గించి నడవమన్నారు. ఏ షిఫ్టులో పనిచేస్తున్నానని ఒక్కమాట కూడా అడగలేదు.

ఇంకో సంగతి. తెల్లవారుజామున నాలుగు దాటాక ఒక్కోసారి గుండె లోపల ఎవరో తన్నినట్టు ఒక దెబ్బ పడుతుంది. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగినట్టు ఉండి మళ్లీ మామూలే. మొదట్లో నెలకోసారి ఉండేది, ఇప్పుడు వారంలో రెండు మూడుసార్లు.

రాత్రి పని నిజంగానే గుండెను దెబ్బతీస్తుందా? లేక బరువు, నిద్ర సరిచేసుకుంటే సరిపోతుందా? ఇద్దరు చిన్నపిల్లలు. ఉద్యోగం వదిలే పరిస్థితి లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

—

వార్డుసిస్టర్ | మంగళవారం, రాత్రి 4:05

తమ్ముడూ, నేనూ డ్యూటీలోనే ఉన్నాను, వార్డు కాస్త సద్దుమణిగింది. పందొమ్మిదేళ్లుగా ఇదే పని.

ముందు ఆ రిపోర్టు సంగతి. రాత్రంతా మేలుకుని, దారిలో ట్రాఫిక్ దాటుకుని వెళ్లి చూపించుకున్న బీపీని బట్టి ఏదీ తేల్చకూడదు. అలాగని కొట్టిపారేయకూడదు కూడా. ఇంట్లో మోచేతి పైన కట్టుకునే మిషన్ ఒకటి పెట్టుకోండి. నిద్ర లేచాక, బాత్రూముకు వెళ్లొచ్చి, కాఫీ తాగకముందే ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోండి. కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. రెండు సెలవు రోజులు వరసగా రాత్రి పడుకున్నాక ఒక వారం లెక్క, నైట్లు నడుస్తున్నప్పుడు ఒక వారం లెక్క విడివిడిగా రాసుకోండి. పక్కనే ఆ రోజు ఏ షిఫ్టో, ఎన్ని గంటలు నిద్రపోయారో రాయండి. డాక్టరు చేతికి ఆ కాగితం ఇస్తే ఆయన మాట్లాడే తీరే మారిపోతుంది.

ఇంకొకటి అడుగుతాను. ఆ రాత్రి డ్యూటీలో ఎన్నింటికి తిన్నారు?

—

మూడోషిఫ్ట్ | మంగళవారం, రాత్రి 4:20

మూడింటికి, అక్కా. కడుపునిండా తిన్నాను. రక్తం తీసింది ఏడుకి.

—

వార్డుసిస్టర్ | మంగళవారం, రాత్రి 4:31

అయితే అది ఫాస్టింగ్ షుగరే కాదు. కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి, మీకు నాలుగే అయ్యాయి. నైట్ వాళ్లలో ఈ పొరపాటు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పొద్దున ఏడంటే అందరికీ పరగడుపే అనుకుని సూది గుచ్చేస్తారు. హెచ్‌బిఏ1సి చేయించండి. అది సుమారు మూడు నెలల సగటు చెబుతుంది, దానికి పరగడుపు అక్కర్లేదు.

గుండె దడ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. దాని గురించి డాక్టరు గారు ఎవరైనా రాస్తే బాగుంటుంది.

—

నాడిచూపు | మంగళవారం, ఉదయం 9:40

కార్డియాలజీలో పనిచేస్తాను. ఇక్కడ రాసేది మిమ్మల్ని పరీక్షించి చెప్పేది కాదు, ఆ మాట గుర్తుంచుకుని చదవండి.

అవును, రాత్రి పనికీ గుండెజబ్బుకూ సంబంధం ఉంది. నిద్ర తక్కువ కావడం ఒక్కటే కారణమైతే పగలు ఎనిమిది గంటలు పడుకుంటే సరిపోవాలి. సరిపోవడం లేదు.

మెదడులో, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణాల గుంపు ఉంది. ఒంటికంతటికీ అదే పెద్ద గడియారం. కంట్లో పడే వెలుతురును బట్టి సమయం సరిచేసుకుంటుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే గుండె కండరానికీ, రక్తనాళాలకీ, కాలేయానికీ, క్లోమానికీ కూడా వాటి వాటి గడియారాలు ఉన్నాయి. కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది.

రాత్రి పని చేసేటప్పుడు ఈ గడియారాలన్నీ ఒకే సమయం చూపించవు. కంట్రోల్ రూము లైట్లు మెదడుకు ఒక సమయం చెబుతాయి. మూడింటికి తిన్న భోజనం కాలేయానికి ఇంకో సమయం చెబుతుంది. పొద్దున ఇంటికి వెళ్లే దారిలో కొట్టే ఎండ ఆ రెండింటినీ కాదంటుంది. ఎన్నేళ్లు నైట్లు చేసినా చాలామందిలో పెద్ద గడియారం పూర్తిగా రాత్రివైపు తిరగదు. సెలవు రోజున పిల్లలతో పగలు గడిపితే తిరిగిన ఆ కాస్తా మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది.

ఇక బీపీ. మామూలుగా రాత్రి నిద్రలో అది పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. రక్తనాళాలకు దొరికే విరామం అది. నైట్ డ్యూటీ చేసేవాళ్లలో ఆ తగ్గుదల రావలసినంత రాదు. నిద్రలో బీపీ తగ్గనివాళ్లకు గుండెపోటు, పక్షవాతం ప్రమాదం ఎక్కువ.

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్లో ఫ్రాంక్ షీర్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగం ఉంది. పదిమంది ఆరోగ్యవంతులను వెలుతురు అదుపులో ఉన్న గదుల్లో ఉంచి, రోజును 28 గంటలు చేసి, లోపలి గడియారానికీ తిండికీ నిద్రకూ పొంతన తప్పించారు. పూర్తిగా తలకిందులైన దశలో సగటు రక్తపోటు 3 శాతం, షుగర్ 6 శాతం పెరిగాయి. ఆకలి తీరిందని చెప్పే లెప్టిన్ 17 శాతం తగ్గింది. షుగర్ సరిగా కొలవగలిగిన ఎనిమిది మందిలో ముగ్గురికి భోజనం తర్వాత కొలతలు ప్రీ డయాబెటిస్ స్థాయికి చేరాయి. వాళ్లెవరికీ అంతకుముందు షుగర్ లేదు. పది రోజుల ప్రయోగంలోనే ఇంత మార్పు కనిపించింది. మీ 14 కిలోలు మీ ఒక్కరి తప్పు అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా రాశాను.

దడ విషయం. మీరు చెప్పిన ఆ దెబ్బ, ఆ ఆగడం చాలామందిలో మధ్యలో పడే అదనపు స్పందన. దానివల్ల సాధారణంగా హాని ఉండదు. కానీ వారంలో రెండు మూడుసార్లు వస్తుంటే 24 గంటల హోల్టర్, అంటే రోజంతా గుండె స్పందనను నమోదు చేసే చిన్న మిషన్, పెట్టించుకోవాలి. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2021లో వచ్చిన అధ్యయనంలో, ఎక్కువగా లేదా పూర్తిగా నైట్లే చేసేవాళ్లలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పైగదులు లయ తప్పి అదిరే జబ్బు, 12 శాతం ఎక్కువగా కనిపించింది. పది సెకన్ల ఈసీజీకి అది దొరక్కపోవచ్చు.

దడతోపాటు కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా, ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నా షిఫ్టు అయ్యేదాకా ఆగకండి. అంబులెన్స్ పిలవమనండి. ఆడవాళ్లలో కొన్నిసార్లు నొప్పి ఏమంతగా లేకుండా వికారం, విపరీతమైన నీరసంగానే మొదలవుతుంది.

—

పాతకాపు | మంగళవారం, ఉదయం 11:15

డాక్టరు గారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. మా నాన్న 32 ఏళ్లు రాత్రి కాపలా ఉద్యోగం చేశారు. ఇప్పుడు 79. బీపీ లేదు, షుగర్ లేదు, రోజూ నాలుగు మైళ్లు నడుస్తారు. ఆయనతో పనిచేసిన మిత్రులు ఇద్దరు ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నారు. రాత్రి పని అంటే రోగమే అన్నట్టు భయపెడితే, ఆ పని తప్ప వేరే దారి లేనివాళ్లు ఏమైపోవాలి? ఆ టెన్షన్‌తోనే సగం జబ్బు వస్తుంది.

—

లెక్కలమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 1:50

పాతకాపు గారూ, మీ నాన్నగారు ఆరోగ్యంగా ఉండటం చాలా సంతోషం. ఆయన అలవాట్ల గురించి విడిగా రాయండి, అందరికీ పనికొస్తుంది.

కానీ ఒక మాట. 32 ఏళ్లు నైట్లు చేసి నిలబడ్డవాళ్లను చూసి లెక్క వేస్తే లెక్క తప్పుతుంది. ఒంటికి పడనివాళ్లు రెండేళ్లకో ఐదేళ్లకో వేరే పని చూసుకుని వెళ్లిపోతారు. చివరిదాకా మిగిలేది గట్టివాళ్లే. మీ నాన్నగారితో మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో ఆయన్నే అడిగి చూడండి.

అంకెలు చెబుతాను, ఎందుకంటే వాటిని చూస్తే అనవసరమైన భయమూ పోతుంది, నిర్లక్ష్యమూ పోతుంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో 34 అధ్యయనాలను, ఇరవై లక్షలకు పైగా మందిని కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. షిఫ్టు పనివాళ్లలో గుండెపోటు 23 శాతం ఎక్కువ. 2018లో వచ్చిన మరో విశ్లేషణలో గుండె, రక్తనాళాల జబ్బులు మొత్తంగా 17 శాతం ఎక్కువ. మొదటి ఐదేళ్లు దాటాక, ప్రతి ఐదేళ్లకూ సుమారు 7 శాతం చొప్పున పెరుగుతూ పోయింది.

అమెరికా నర్సుల మీద జరిగిన అధ్యయనమే నాకు అన్నింటికంటే నమ్మకమైనది. 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. సుమారు 1,89,000 మంది నర్సులు, 24 ఏళ్లు. పదేళ్లకు పైగా మారుతూ నైట్లు చేసినవాళ్లలో కరోనరీ జబ్బు, అంటే గుండెకు రక్తం అందించే నాళాల జబ్బు, 15 నుంచి 18 శాతం ఎక్కువ. నైట్లు మానేసి ఎక్కువ కాలం గడిచినవాళ్లలో ఆ ప్రమాదం తగ్గడమూ కనిపించింది.

ఈ శాతాలను ఇలా అర్థం చేసుకోండి. ఒక వయసు వచ్చేసరికి పగటి పనివాళ్లు వందమందిలో పదిమందికి జబ్బు వస్తుందనుకుంటే, 17 శాతం ఎక్కువంటే అది పన్నెండుకు కాస్త తక్కువ. అంటే మిగతా ఎనభై ఎనిమిది మందిలో మీ నాన్నగారు ఉన్నారు. ఆయన ఉదాహరణా నిజమే, ఈ అధ్యయనాలూ నిజమే. పొగతాగడంతో పోలిస్తే ఇది చిన్న ప్రమాదం. కానీ నైట్లు చేసేవాళ్లు కోట్లమంది కాబట్టి ఆ చిన్నది చాలా ఇళ్లను తాకుతుంది.

—

ఇంటిదీపం | మంగళవారం, రాత్రి 9:30

నేను నైట్ డ్యూటీ చేసే మనిషి భార్యను. మా ఆయన వయసు 46, రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు.

పొద్దున ఆరున్నరకు తాళంచెవి చప్పుడు వినగానే పిల్లల నోటిమీద వేలు పెట్టేదాన్ని. ఏడేళ్లకే మా చిన్నది మునివేళ్లమీద నడవడం నేర్చుకుంది. అంత జాగ్రత్తపడినా తొమ్మిదికి ఫోను, పదకొండుకు కాలింగ్ బెల్, పన్నెండుకు బ్యాంకు పని. ఆయన ముక్కలు ముక్కలుగా నాలుగున్నర గంటలు పడుకునేవారు. "ఖాళీగానే ఉన్నావు కదా, పగలంతా ఇంట్లోనే" అని చుట్టాలు పనులు పురమాయించేవారు. రాత్రి రెండుకు మీకు ఫోను చేసి పని చెబితే చేస్తారా అని ఇప్పుడు అడుగుతున్నాను. అప్పట్లో మొహమాటపడి అడగలేకపోయాను.

ఆయన గురక ఇంటికప్పు ఎగిరేలా ఉండేది. మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయేది. నేను లెక్కపెట్టేదాన్ని, పదిహేను, ఇరవై... తర్వాత ఎగశ్వాసతో ఉలిక్కిపడి లేచేవారు. అది స్లీప్ ఆప్నియా అని, దానివల్ల బీపీ పెరుగుతుందని, గుండె మీద భారం పడుతుందని స్టెంట్ వేశాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఎలాగైనా పరీక్షకు తీసుకెళ్లేదాన్ని.

మూడోషిఫ్ట్ గారూ, మీ ఇంట్లో మీ భార్యను అడగండి. నిద్రలో మీరు ఎలా ఉంటారో మీకు తెలియదు, ఆవిడకు తెలుస్తుంది.

—

రాత్రిబండి | బుధవారం, ఉదయం 7:05

దూరపు లారీ నడుపుతాను. గుండె గురించి పెద్దగా తెలియదు గానీ రొటేషన్ గురించి చెబుతాను. వారం పగలు, వారం రాత్రి చేసినప్పుడే నా ఒళ్లు పాడైంది. గత ఆరేళ్లుగా అన్నీ నైట్లే, సెలవులో కూడా రాత్రి ఒంటిగంట దాకా మేలుకునే ఉంటాను. ఇప్పుడే తేరుకున్నాను. అస్తమానం మార్చడమే చెడ్డది, రాత్రి కాదు.

—

నాడిచూపు | బుధవారం, మధ్యాహ్నం 2:20

రాత్రిబండి గారి మాటలో నిజం ఉంది. సెలవు రోజుల్లో కూడా కొన్ని గంటల నిద్ర అదే సమయానికి పడేలా చూసుకోవడం వల్లే ఆయనకు మేలు జరిగింది. కానీ అందరూ పర్మనెంట్ నైట్లకు మారమని నేను చెప్పను. నేను ముందు చెప్పిన 12 శాతం లెక్క అలాంటివాళ్లదే. మార్పు తప్పనప్పుడు పొద్దున, తర్వాత సాయంత్రం, తర్వాత రాత్రి అనే వరస ఒంటికి తేలిక, ఎందుకంటే మన లోపలి రోజు చాలామందిలో 24 గంటలకంటే కొంచెం ఎక్కువ. ముందుకు జరగడం సులువు, వెనక్కి జరగడం కష్టం. వరసగా నైట్లు ఎన్ని తక్కువైతే అంత మంచిది. ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య కనీసం పదకొండు గంటలు ఉండాలి.

తిండి సంగతి ఇక్కడే చెప్పాలి, మార్చుకోవడం మన చేతిలో ఉన్న పెద్ద విషయం ఇదే. 2021లో అదే బోస్టన్ పరిశోధకులు 19 మంది యువతీయువకులతో కృత్రిమ నైట్ షిఫ్టు చేయించారు. సగంమంది రాత్రి కూడా తిన్నారు, సగంమంది పగలే తిన్నారు. రాత్రి తిన్నవాళ్ల షుగర్ 6.4 శాతం పెరిగింది. పగలే తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇద్దరి నిద్రా ఒకటే, మేలుకోవడమూ ఒకటే. 2025లో అదే ప్రయోగంలోని గుండె కొలతలు ప్రచురించారు. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే పీఏఐ-1 అనే పదార్థం రాత్రి తిన్నవాళ్లలోనే పెరిగింది. ఇవి చిన్న ప్రయోగాలు, కుర్రవాళ్ల మీద చేసినవి. అయినా దీన్ని పాటించి చూడటంలో పోయేదేమీ లేదు. డ్యూటీకి వెళ్లేముందు కడుపునిండా తినండి. అర్ధరాత్రి నుంచి ఆరు దాకా నీళ్లు, మరీ తట్టుకోలేకపోతే తేలికగా కొంచెం. షుగర్‌కు మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా చేయొద్దు.

కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే. కెఫీన్ సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగింటికి తాగింది తొమ్మిదింటికి కూడా మీ నిద్రలో ఉంటుంది.

—

వేకువచుక్క | బుధవారం, సాయంత్రం 6:10

డాక్టరు గారూ, నాకు బీపీ మాత్ర రోజుకొకటి. పగలు పడుకునే నేను ఎప్పుడు వేసుకోవాలి? రాత్రి వేసుకుంటే గుండెకు మంచిదని ఒకరు, పొద్దునే అని ఒకరు.

—

నాడిచూపు | బుధవారం, రాత్రి 8:45

2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన టైమ్ అనే ప్రయోగంలో 21,104 మందిని ఐదేళ్లకు పైగా చూశారు. పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతం, మరణాల్లో తేడా రాలేదు. అది నైట్ డ్యూటీవాళ్ల కోసం చేసిన ప్రయోగం కాదు, కానీ మీకు పనికొచ్చే మాట ఒకటుంది. మరచిపోకుండా రోజూ వేసుకోగలిగే సమయమే మంచి సమయం. షిఫ్టు మారినా మారని ఒక గంట చూసుకోండి. చాలామందికి సాయంత్రం ఐదారు గంటలు కుదురుతుంది, ఏ షిఫ్టైనా అప్పుడు మేలుకునే ఉంటారు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర అయితే నిద్రకు ముందు వద్దు. మార్చేముందు మీ డాక్టరుకు ఒకమాట చెప్పండి.

—

వార్డుసిస్టర్ | గురువారం, రాత్రి 2:50

నిద్ర గురించి నావి కొన్ని. ఇవి చదివి నేర్చుకున్నవి కావు.

గది చీకటి అంటే చెయ్యి చాచితే వేళ్లు కనిపించనంత చీకటి ఉండాలి. కర్టెన్ పక్కల సందుల్లోంచే వెలుతురు వస్తుంది, అక్కడ టేపు వేయండి. డ్యూటీ నుంచి వచ్చాక "ఈ ఒక్క పని చేసి పడుకుంటా" అనుకోవద్దు, ఆ ఒక్క పనితో నిద్ర పోతుంది. మొదటి నైట్‌కు ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. డ్యూటీలో ఒప్పుకుంటే ఇరవై నిమిషాల కునుకు తీయండి, అంతకుమించితే లేచాక మత్తు వదలదు. కళ్లు కూరుకుపోతుంటే బండి నడపొద్దు. మా పాత సహోద్యోగి ఒకామె ఇంటికి రెండు వీధుల దూరంలో డివైడర్‌ను గుద్దుకుంది. బతికింది, కానీ ఇప్పటికీ కుడికాలు ఈడ్చి నడుస్తుంది. గుండెను కాపాడుకోవాలంటే ముందు ఇంటికి చేరాలి కదా తమ్ముడూ.

—

లెక్కలమనిషి | గురువారం, ఉదయం 10:30

ఇదంతా కార్మికుడి మీదే వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో చేసిన 171వ ఒడంబడికలో రాత్రి పనివాళ్లు అడిగితే ఖర్చు లేకుండా ఆరోగ్య పరీక్ష చేయించాలని, ఆరోగ్య కారణాలతో రాత్రి పనికి పనికిరారని తేలితే వీలున్నచోట వాళ్లు చేయగలిగిన వేరే పనికి మార్చాలని ఉంది. ఒప్పుకున్న దేశాలు తక్కువే. అయినా రోస్టర్ మార్చమని అడిగేటప్పుడు చేతిలో పెట్టుకోదగిన కాగితం అది. ఒక్కరు అడిగితే బతిమాలినట్టు ఉంటుంది. షిఫ్టంతా కలిసి అడగండి.

—

పాతకాపు | గురువారం, రాత్రి 8:00

నాన్నను అడిగాను. ఆయనతో చేరినవాళ్లు పదకొండు మంది. ఏడుగురు ఐదారేళ్లలో మానేశారు. అందులో ఇద్దరు యాభై దాటకముందే పోయారట, ఎందువల్లో ఆయనకు తెలియదు. ఆ పేర్లు చెబుతూ చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. ఆయన అలవాటు అడిగారు కదా. డ్యూటీకి ముందు ఒక్కసారే తినేవారు, రాత్రి నీళ్లే. పొద్దున వచ్చాక రెండు వరకూ అమ్మ ఎవ్వరినీ గుమ్మం తొక్కనిచ్చేది కాదు. నేను అలా రాసి ఉండాల్సింది కాదు, మన్నించండి.

—

మూడోషిఫ్ట్ | నాలుగు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:25

అందరికీ నమస్కారాలు. వివరాలు పెట్టడం ఆలస్యమైంది.

సెలవుల్లో, రాత్రి పడుకున్న వారం ఇంటి సగటు 138/88. నైట్ల వారం 147/94. ఇంట్లో 135/85 దాటితే బీపీ ఉన్నట్టేనని వేరే డాక్టరు చెప్పి చిన్న మోతాదు మాత్ర మొదలుపెట్టారు. సాయంత్రం ఆరుకు వేసుకుంటున్నాను. హెచ్‌బిఏ1సి 5.6. హోల్టర్లో అదనపు స్పందనలే కనిపించాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లేదు. వాటిలో ఎక్కువ భాగం తెల్లవారుజాము మూడున్నర, ఐదు మధ్యలోనే. ఆ కాగితం మీద ఆ గంటన్నరా సన్నటి గీతలు గుంపుగా ఉన్నాయి, చూస్తూ కూర్చున్నాను. ఆ గంటల్లో నేనేం చేస్తుంటానని డాక్టరు అడిగారు. మూడో కాఫీ తాగుతుంటానని చెప్పాను. అది మానేసి పన్నెండు రోజులు. ఆ దెబ్బ ఒక్కసారే వచ్చింది.

ఇంటిదీపం అక్కా, మా ఆవిడను అడిగాను. "ఎప్పుడు అడుగుతారా అనే చూస్తున్నాను" అంది. వచ్చే మంగళవారం స్లీప్ స్టడీ.

రోస్టర్ మార్పు కోసం తొమ్మిదిమందిమి సంతకాలు పెట్టి ఇచ్చాం. నైట్లు వరసగా ఆరు కాకుండా మూడు చేయమని అడిగాం. ఇంకా జవాబు లేదు.

ఈ రాత్రి నుంచి మళ్లీ నైట్లు. ఇప్పుడే తిన్నాను, ఇక రేపు ఉదయం దాకా నీళ్లే. ఆరో రాత్రి అయ్యాక కొలతలు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.